ఆమెన్ అనేలోగా కోడివేపుడు

మా ఇంట్లో మంగళవారం నాడు కోడిమాంసం వండకూడదని ఎవరూ రాసిపెట్టలేదు. అయినా ఆ నియమం నాకు ఊహ తెలిసిననాటి నుంచీ ఉంది. చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ పొంది, చోడవరంలో సొంత ఇల్లు కట్టుకున్న తరువాత కూడా దాన్ని నేను తు.చ. తప్పక పాటించాను. కోడి ఆదివారానిది. ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చి, మంచి చీర మడతపెట్టి, అల్లం వెల్లుల్లి నూరి, ముక్కలకు పట్టించి, సన్నని సెగ మీద ఓపికగా ఉడికించి తినవలసిన పదార్థం అది. తక్కిన రోజులకు పప్పు ఉంది, కూర ఉంది, చారు ఉంది, మజ్జిగ ఉంది. వారానికి ఒక వరస ఉండాలి, వరస ఉన్న ఇంట్లో మనుషులకు మనశ్శాంతి ఉంటుంది అని నా నమ్మకం. ఇన్నేళ్లలో ఆ నమ్మకాన్ని సడలించుకోవలసిన అవసరం నాకు కలగలేదు.

మొన్న ఒక మంగళవారం సాయంత్రం మా కోడలు షారోన్ ఆ వరసను ఒక్క దెబ్బతో చెరిపివేసింది. ఆమె అనకాపల్లిలో బ్యాంకు ఉద్యోగి. మా అబ్బాయి ఉద్యోగం వేరే ఊళ్లో కావడంతో ఇంట్లో ఉండేది మేము ఆడవాళ్లమే. బస్సు దిగి ఇల్లు చేరేసరికి వీధి దీపాలు వెలిగి ఉంటాయి. ఆనాడు భుజాన ఉన్న సంచీ అయినా దించకుండా నేరుగా వంటగదిలోకి నడిచి, ఫ్రిజ్ తలుపు తీసి, ఎముకలు లేని కోడిమాంసం బల్ల మీద పెట్టింది. దాని పక్కన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల కాప్సికం కాయలు, పెద్ద ఉల్లిపాయలు, నిమ్మకాయలు. నా మనుమరాలు జెస్సీ ఎక్కాల పుస్తకం మూసేసి వచ్చి స్టూలెక్కి కూర్చుంది. వంటగది గుమ్మంలో నిలబడి నేను అడిగాను.

"ఈవేళ మంగళవారం కదమ్మా?"

"అవునత్తయ్యా, అందుకే. కేష్ కౌంటర్లో కూర్చుని కూర్చుని బుర్ర వేడెక్కిపోనాది. పప్పొకటి, కూరొకటి, చారొకటి అని గిన్నెలన్నీ పొయ్యి మీద పెట్టే ఓపిక నాకు లేదు. ఒక్క పెనం, అంతే. ఫహీతాలు చేసేస్తాను."

"అదేం జబ్బమ్మా?"

"జబ్బు కాదు నాన్నమ్మా!" జెస్సీ స్టూలు మీద నుంచి పడబోయింది. "మెక్సికో వాళ్ల కూర. రొట్టెలో సుట్టుకుని తినేస్తారు. ప్లేటు కూడా అక్కర్లేదు!"

ప్లేటు అక్కరలేని భోజనం గురించి నా అభిప్రాయం చెప్పడానికి నేను గొంతు సవరించుకునేలోగా షారోన్ పని మొదలుపెట్టింది. మాంసాన్ని ముక్కలుగా కాక వేలెడు పొడవు పేలికలుగా కోసింది. ఉప్పు, కారం, వేయించిన జీలకర్ర పొడి, కొద్దిగా మిరియాల పొడి, నూనె, సగం నిమ్మచెక్క, ఇంతే పట్టించింది. ఉల్లిపాయలను, కాప్సికాన్ని కూడా అదే పొడవున చీరింది. ఆ కోతలో ఒక క్రమం ఉన్నదని నేను ఒప్పుకోక తప్పలేదు. తరువాత దోసెలు పోసే ఇనుప పెనాన్ని మంట మీద పెట్టి, పొగ లేచేవరకు ఊరుకుంది. మాంసం పేలికలను దాని మీద పరిచింది. కలపలేదు. ముట్టుకోలేదు. ఒకవైపు ఎర్రబడగానే తిరగేసి, ఉల్లిపాయలు, కాప్సికం ఒకేసారి గుమ్మరించింది.

"ఉల్లిపాయ ముందు వేగాలి కదమ్మా, మాంసం తరువాత కదా!"

"ముందూ లేదు, వెనకా లేదు అత్తయ్యా. అన్నీ ఒక్కపాలే!"

పెనం బుస్సుమంది. ఆ చప్పుడుతో పాటు వాసన వచ్చింది. ఆదివారపు కోడికూర వాసన నాకు బాగా తెలుసు. అది మసాలా వాసన, గంటసేపు నెమ్మదిగా ఇల్లంతా పరుచుకుంటుంది. ఇది వేరు. కాగిన ఇనుమును పచ్చి మాంసం తాకినప్పుడు, ఉల్లి అంచు నల్లబడినప్పుడు, ఆ వేడి మీద నిమ్మరసం పడినప్పుడు వచ్చే వాసన. అది మసాలాను దాటి సూటిగా ముక్కులోకి వచ్చి మనిషిని నిలబెట్టేస్తుంది. ఈ వాసన నేను ఇంతకు మునుపు ఒకే ఒక్కసారి, ఒకే ఒక్క సాయంత్రం పీల్చాను. అప్పుడు నాకు రెండు జడలు. నేను వంటగదికీ ముందుగదికీ మధ్య పరుగెత్తుతున్నాను. మా అమ్మ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ పెనం మీద తేలబోతోంది. "మా అమ్మ చేసింది ఇది! మా అమ్మ ఇదే చేసింది!" అని నేను అరిచాను. నా అరుపు విని షారోన్ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ ఇంట్లో నా గొంతు అంత పెద్దగా వినడం ఆమెకు అదే మొదటిసారి అయి ఉంటుంది.

ఆ రాత్రి ఫహీతాలు తింటూ వాళ్లకు చెప్పినదాన్ని ఇక్కడ కొంచెం వివరంగా, వరస తప్పకుండా రాస్తున్నాను.

మా నాన్నగారు బడిపంతులు. చర్చి వెనక వీధిలో మాది పెంకుటిల్లు. ఆ ఇంటిని నడిపింది మా మేనత్త శాంతమ్మ, నాన్నగారికి అక్క. చిన్నతనంలోనే భర్త పోతే తమ్ముడి ఇంటికి వచ్చి, తల్లి లేని ఆ ఇంటికి తల్లి అయింది. అత్త వంటగదిని చూసినవారు మళ్లీ తమ వంటగదిలోకి వెళ్లడానికి సిగ్గుపడేవారు. గిన్నెలు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా ఒకే చెక్క మీద బోర్లించి ఉండేవి. చేపల కుండ వేరు, కోడి కుండ వేరు, ఒకదాని గరిట ఇంకొకదానిలోకి వెళ్లడానికి వీల్లేదు. పొయ్యిలోకి చింతకట్టెలే వాడేది, అవి కూడా సన్నవి ఒకవైపు, లావువి ఒకవైపు పేర్చేది. మా ప్రాంతంలో గానుగ ఆడిన ప్రతి ఇంట్లోనూ చెరకు పిప్పి గుట్టలుగా ఉంటుంది. ఎండిన పిప్పి అగ్గిపుల్ల గీస్తే చాలు, భగ్గుమని ఎగసి, అంతలోనే చల్లారిపోతుంది. అత్త దాన్ని నీళ్లు కాచే పొయ్యికి తప్ప వంటపొయ్యి దరిదాపులకు రానిచ్చేది కాదు. ఆమె దగ్గర నుంచి ఉప్పు, నూనె, కట్టె, అన్నీ కొలతగానే వచ్చేవి, ప్రేమతో సహా. నాకు అబ్బిన క్రమశిక్షణ అంతా ఆమె పెట్టిన భిక్షే. ఆ మాట ముందుగా చెప్పకపోతే తరువాత చెప్పబోయే కథలో అత్తకు అన్యాయం జరుగుతుంది.

మా అమ్మ కరుణమ్మ నర్సు. ఊళ్లో ఒక చిన్న ఆసుపత్రిలో పురుళ్లు పోసేది. అమ్మ ఇంటికి వస్తే ముందు మందు వాసన వచ్చేది, ఆ వెనక అమ్మ వచ్చేది. స్నానం చేసి చీర మార్చితే కానీ అత్త వంటగదిలోకి అడుగు పెట్టనిచ్చేది కాదు. ఇంట్లో మెత్తగా, తలవంచుకుని తిరిగే మా అమ్మ, తెల్ల చీర కట్టి గుమ్మం దిగగానే వేరే మనిషి. వీపు నిటారుగా అయ్యేది, అడుగు పెద్దది అయ్యేది. వడ్డాది సంతకు వెళ్లినప్పుడు ఎవరో ఒక ఆడమనిషి జనంలో నుంచి పిల్లవాడిని లాక్కుని వచ్చి, "ఈ గుంటడు నీ సేతిలోనే పడ్డాడమ్మా, సూడు ఎలగ ఎదిగేడో!" అనేది. అమ్మ వాడి నెత్తి మీద చెయ్యి పెట్టి నవ్వేది. ఆ నవ్వు ఇంట్లో నేను ఎప్పుడూ చూడలేదు. ఆ నవ్వు చూడడానికే నేను ఎండలో అంత దూరం సంతకు నడిచేదాన్ని.

పురుళ్లకు వేళాపాళా ఉండదు కదా. అత్త ఇంట్లో అన్నిటికీ వేళే ఉండేది. అమ్మ ఆలస్యంగా రావడం, రాత్రి కూర ఆలస్యం కావడం, నాన్నగారు ఏమీ అనకుండా మజ్జిగ పోసుకుని తిని లేచిపోవడం, ఇలా కొన్నాళ్లు జరిగింది. ఒక రోజు అత్త ఇక ఊరుకోలేదు. అమ్మ అప్పుడే స్నానం చేసి జుట్టు తుడుచుకుంటోంది. నేను ముందుగదిలో లెక్కలు చేసుకుంటున్నాను.

"తమ్ముడూ, నాను సెప్పేది ఇను. టైముకి అన్నం పెట్టలేనప్పుడు ఆ ఉజ్జోగం దేనికి? మానేయమను."

"ఆసుపత్రిలో మనిషి ప్రాణం మీదికి వస్తే గంట చూసుకుని వచ్చేయమంటావా అక్కా?" అన్నారు నాన్నగారు.

"నాను అలగన్నానేటి? ఆసుపత్రిలో సావబోయేవోళ్లకి నీ పెళ్లాం ఉన్నాది. ఈ ఇంట్లో బతికున్నోళ్లకి ఎవురున్నారు?"

నాన్నగారు అక్క మాట కాదనలేరు, భార్యను మానమనలేరు. కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఏమీ తోచనప్పుడు ఆయన చేసే పని అది. అప్పుడు అమ్మ తుండుగుడ్డ చేతిలో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"వదినగారూ, మీరు ఏం చేస్తే ఒప్పుకుంటారో అది చెప్పండి. చేసి చూపిస్తాను."

అత్త అన్యాయపు షరతు పెట్టే మనిషి కాదు, సులువైనది పెట్టే మనిషీ కాదు.

"వచ్చే బుధారం ప్రార్థన కూడిక మనింట్లో. అన్నం, రొట్టెలు నాను సూసుకుంటాను. కోడికూర నీది. డూటీ నుంచొచ్చే వండాల, సెలవు పెట్టకూడదు. అయ్యగారు ఆశీర్వాదం సెప్పి ఆమెన్ అనీసరికి కూర గుమ్మంలో ఉండాల. వచ్చినోళ్లందరూ తినే ఎల్లాల. అలగైతే నీ ఉజ్జోగం జోలికి నాను మరి రాను. కాకపోతే డాక్టరమ్మకి నువ్వే సెప్పీ, మానేస్తన్నానని."

"సరే వదినగారూ," అంది అమ్మ. ఎంత నెమ్మదిగా అన్నదంటే, నా చేతిలో బలపం విరిగిపోయిన చప్పుడు దానికన్నా గట్టిగా వినిపించింది.

ఇంటింటి ప్రార్థన కూడిక అంటే ఏమిటో ఇతరులకు చెప్పాలి. వారం వారం సంఘంలో ఒక్కొక్క ఇంట్లో సాయంత్రం అందరూ చేరతారు. అయ్యగారు, అంటే పాస్టరుగారు, నడిపిస్తారు. దానికి ఒక వరస ఉంటుంది: పాటలు, సాక్ష్యాలు, వాక్యం, సందేశం, సంఘపెద్ద ప్రార్థన, చివర అయ్యగారి ఆశీర్వాదం. ఆ తరువాత ఆ ఇంటివారు భోజనం పెడతారు. ప్రార్థన జరిగిన ఇంటి నుంచి ఒక్కరైనా తినకుండా వెళితే ఆ ఇల్లాలికి తలవంపులు. ఏడాది పొడుగునా ఆ మాట గుర్తు చేసేవాళ్లు ఉంటారు. ఈ వరస నాకు కంఠతా వచ్చు. ఏ అంశం ఎంతసేపు పడుతుందో కూడా తెలుసు. సాక్ష్యాలు సాగుతాయి. దావీదు తాత ప్రార్థన ఇంకా సాగుతుంది. ఆయన ప్రార్థనలో పరిపాలకులు వచ్చేవారు, వర్షం వచ్చేది, రోలుగుంట నుంచి రావికమతం దాకా ఉన్న జబ్బుమనుషులందరూ పేరుపేరునా వచ్చేవారు. పిల్లలం మేము మోకాళ్లు మార్చి మార్చి అలసిపోయేవాళ్లం.

బుధవారం వచ్చింది. నాన్నగారు ఇంకా కూత సరిగా రాని లేత పుంజును కోయించి, కాల్పించి, పసుపు రాయించి వంటగదిలో మూతపెట్టి ఉంచారు. అత్త అన్నం వార్చింది. చోళ్లంటే రాగులు, ఆ చోడిపిండితో రొట్టెలు దండిగా కాల్చి, మెత్తగా ఉండాలని గుడ్డలో చుట్టి పెట్టింది. పెట్రోమాక్సు దీపం వెలిగింది. చాపలు పరిచారు. మనుషులు వచ్చారు, నిండారు. అమ్మ రాలేదు. మొదటి పాట ఎత్తుకున్నారు. అమ్మ రాలేదు. అత్త వంటగది గుమ్మానికి ఎదురుగా చాప మీద కూర్చుని పాడుతోంది, కళ్లు మాత్రం పెరటి తలుపు మీద ఉన్నాయి. నేను పాడడం మానేశాను. పెదవులు ఆడిస్తున్నానంతే.

రెండో పాట నడుస్తుండగా పెరటి తలుపు కిర్రుమంది. నేను ఒక్క గెంతున వెళ్లాను. అమ్మ అప్పటికే నూతి దగ్గర నీళ్లు గుమ్మరించుకుంటోంది.

"ఏటమ్మా ఇంత లేటు!"

"అడ్డం తిరిగిందే బిడ్డ. ఇప్పుడు ఇద్దరూ బాగున్నారు. ఏం నడుస్తంది లోపల?"

"రెండో పాట. ఇంకొకటే ఉన్నాది. తర్వాత సాక్ష్యాలు, వాక్యం..."

"సరే. నువ్వు గుమ్మంలో నిల్చో. ఏది మొదలైతే అది వచ్చి చెప్పు. పరిగెత్తు!"

తిరిగి వచ్చేసరికి అమ్మ కోడికుండ వైపు చూస్తోంది. మసాలా నూరలేదు. కుండలో ముక్కలు ఉడకాలంటే ఈ కూడికే కాదు, ఇంకొక కూడిక కూడా అయిపోవాలి. అమ్మ కుండ మీద నుంచి చూపు తీసేసి, అత్త రొట్టెలు కాల్చి దించిన పెద్ద ఇనుప పెనాన్ని చేత్తో తాకి చూసింది. ఇంకా వెచ్చగానే ఉంది. దాన్ని పొయ్యి మీదికి ఎత్తింది. చిన్న చాకు తీసుకుని, ఎముక పక్కనే చాకు మొన నడుపుతూ కండనంతా విడదీసి, సన్నగా, పొడుగ్గా చీరింది. ఎముకలు ఒక గిన్నెలో వేసి మూతపెట్టింది. అమ్మ చేతులు అంత వేగంగా కదలడం నేను ఎప్పుడూ చూడలేదు. తొందర ఉంది కానీ తొట్రుపాటు లేదు. ఆసుపత్రిలో అమ్మ ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

"పెరట్లోంచి పిప్పి పట్రా. రెండు చేతులా."

"వంటపొయ్యిలోకా? అత్త చూస్తాదే!"

"చూడనీ."

పిప్పి పొయ్యిలో పడగానే మంట పెనాన్ని చుట్టేసి పైకి లేచింది. నేను పొయ్యి పక్కన పిప్పి పోగు పెట్టి గుమ్మంలోకి పరుగెత్తాను. మూడో పాట అయింది. ఇప్పుడు సాక్ష్యాలు మొదలవ్వాలి. అయ్యగారు లేచి నిలబడ్డారు.

"ప్రియులారా, మన ఆనందరావుగారి కుటుంబానికి ఈ రాత్రి గానుగ వంతు వచ్చిందట. వారు వెంటనే వెళ్లవలసి ఉన్నది గనుక ఈ పూట సాక్ష్యములు వద్దు. వాక్యము చదివి, రెండు మాటలు చెప్పి ముగించుకుందాము."

గానుగ వంతు సంగతి మా ప్రాంతంలో అందరికీ తెలిసినదే. నాలుగైదు ఇళ్లకు ఒక గానుగ. వంతు వచ్చిన ఇంటివాళ్లు అప్పటికప్పుడు చెరకుతో చేరాలి, లేకపోతే వంతు పోతుంది, నరికిన చెరకు ఎండిపోతుంది. అయ్యగారు చేసినది న్యాయమే. నేను మాత్రం పడుతూ లేస్తూ వంటగదిలోకి పరుగెత్తాను.

"అమ్మా, సాక్ష్యాల్లేవట! వాక్యం చదివేస్తన్నారు!"

అమ్మ పెనం వైపు చూసింది. మాంసం పెనం మీద ఒకవైపే ఎర్రబడింది. ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, టమాటాలు చీరి పక్కన పెట్టి ఉన్నాయి. వాటిని వరసగా ఒకటి తరువాత ఒకటి వేయించాలనే అమ్మ అనుకున్నదేమో తెలియదు. మొత్తం చేటతో ఎత్తి పెనం మీద ఒకేసారి గుమ్మరించింది. దంచిన అల్లం, జీలకర్ర, ఉప్పు, కారం, అన్నీ దాని మీదే చల్లింది. "పిప్పి వెయ్యి! ఇంకా వెయ్యి!" అంది. నేను వేశాను. మంట మా ఇద్దరి ముఖాల దాకా వచ్చింది. నాకు భయం పోయింది. ఎందుకో నవ్వు వచ్చింది. అమ్మ కూడా నవ్వుతోంది, వడ్డాది సంతలో నవ్వే నవ్వు.

వాసన ముందుగదిలోకి వెళ్లింది. అది వెళ్లిన సంగతి నాకు గుమ్మంలో నిలబడగానే తెలిసింది. సందేశం చెబుతున్న అయ్యగారు ఒక మాటను రెండుసార్లు అన్నారు. చాపల మీద ముక్కులు ఒక్కొక్కటిగా వంటగది వైపు తిరిగాయి. సందేశం అయిపోయింది, దావీదు తాత ప్రార్థనకు లేచాడు. నేను కళ్లు గట్టిగా మూసుకుని, ఈయన ఈ ఒక్కరోజు జబ్బుమనుషులందరినీ తలచుకోవాలని దేవుణ్ణి వేడుకున్నాను. తాత బాగానే మొదలుపెట్టాడు. పరిపాలకులు అయ్యారు, వర్షం అయింది, జబ్బుమనుషుల దగ్గరికి వచ్చాడు. అక్కడ ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చాడు. పీల్చి, "ప్రభువా, జబ్బుగా ఉన్నోళ్లందరినీ నువ్వెరుగుదువు, ఆమెన్," అనేశాడు.

జీవితంలో అంత చిన్న ప్రార్థన ఆయన చేసినట్టు అంతకు ముందు లేదు, ఆ తరువాత లేదు.

"అమ్మా! ఆశీర్వాదమే!"

అమ్మ నిమ్మకాయలు కోసి పెనం మీద పిండింది. గుడ్డతో పెనం చెవులు పట్టుకుంది. ముందుగదిలో అయ్యగారి చేతులు పైకి లేచాయి. అందరూ ఆమెన్ అన్నారు. ఆ మాట ఇంకా పెంకుల కింద తిరుగుతుండగానే అమ్మ పొగలు కక్కుతున్న పెనంతో గుమ్మంలో నిలబడింది.

అత్త ఆ పెనాన్ని చూసింది, అమ్మ ముఖాన్ని చూసింది. నోరు తెరిచేలోగా ఆనందరావుగారు భార్యాబిడ్డలతో లేచి నిలబడి చేతులు జోడించారు.

"శాంతమ్మప్పా, ఏటనుకోకు. కూకుని తినీ టైము లేదు. బళ్లు కట్టీసి వచ్చేం."

ఆయన వెనక మరి రెండు కుటుంబాలు కూడా లేచాయి. ఆ గానుగ దగ్గర సాయం పట్టవలసినవాళ్లే. నాకు షరతు రెండో సగం గుర్తుకు వచ్చింది: వచ్చినవాళ్లందరూ తినే వెళ్లాలి. అత్త ముఖం పాలిపోయింది. ఆమెకు ఇప్పుడు షరతు కాదు, ఇంటి పరువు ముఖ్యం. ఆకులు వేసి అన్నం వడ్డించే వ్యవధి లేదు. అమ్మ పెనం కింద పెట్టి నా వైపు తిరిగింది.

"రొట్టెల మూట పట్రా!"

తెచ్చాను. అమ్మ ఒక చోడిరొట్టె అరచేతిలో పరిచి, దాని మీద మాంసం, ఉల్లి, మిరప కలిసిన వేపుడు వరసగా పెట్టి, చుట్టి, ఆనందరావుగారి చేతిలో పెట్టింది. పులుసు లేదు, కారదు. ఎముక లేదు, ఆగి ఉమ్మవలసిన పని లేదు. బండి మీద కూర్చుని, ఒక చేత్తో పగ్గాలు పట్టుకుని తినవచ్చు.

"ఇదేటమ్మా కరుణమ్మా, అయ్యగారి ముందర మాకు సుట్టలు సుట్టి ఇస్తన్నావు!" అన్నారు ఆనందరావుగారు.

ముందుగది అంతా గొల్లుమంది. అయ్యగారే అందరికన్నా గట్టిగా నవ్వి, "అట్టి సుట్ట నాకును ఒకటి కావలెను," అన్నారు. ఆనందరావుగారు ఒక ముక్క కొరికి, మాట్లాడకుండా రెండో చెయ్యి చాచారు. ఆయన భార్య ఆ చేతి మీద ఒకటి వేసింది. "పిల్లలకి ఉండనీ!" అంది. అమ్మ చుడుతోంది, నేను అందిస్తున్నాను. చూస్తూ చూస్తూ నా పక్కకు ఇంకో రెండు చేతులు వచ్చాయి. అత్త చాప మీద కూర్చుని రొట్టెలు చుట్టడం మొదలుపెట్టింది. ఆమె చుట్టినవి అమ్మ చుట్టినవాటికన్నా సమంగా ఉన్నాయి. చీకట్లో బళ్లు కదిలాయి. తినకుండా ఒక్కరూ వెళ్లలేదు.

మిగిలినవాళ్లు అన్నంతో తిన్నారు. అందరూ వెళ్లిన తరువాత అత్త, అమ్మ, నేను పెనం చుట్టూ కూర్చున్నాం. అత్త రెండు ముద్దలు తిని తీర్పు చెప్పింది.

"మసాలా లేదు. పులుపెక్కువ."

అమ్మ తల వంచుకుంది.

"ఎముకలేటి సేసేవు?"

"గిన్నెలో ఉంచేను వదినగారూ. రేపు చారుకి."

అత్త పెనం అంచున అంటుకున్న మాడు ముక్కను గోటితో గీకి నోట్లో వేసుకుంది.

"రేపు డూటీ ఎన్నింటికి?"

ఆ ప్రశ్న అత్త నోట అంతకు మునుపు రాలేదు. అమ్మ తల ఎత్తింది.

"పొద్దున్నే ఎళ్లాలండీ."

"అయితే ఆ సారేదో నాను కాస్తాను. నువ్వెల్లు."

అమ్మ ఆ ఉద్యోగంలోనే పదవీ విరమణ చేసింది. అత్త పిప్పిని మళ్లీ వంటపొయ్యిలోకి రానివ్వలేదు. పెనం మీద కోడిని కూడా ఇంకెప్పుడూ వేయనివ్వలేదు, ఆదివారానికి కుండకూరే. కానీ రాత్రి కూర ఆలస్యమైన రోజున, ఎవరి పురుడు, ఎలా ఉంది అని అడిగి, తానే పొయ్యి ముందు కూర్చునేది. బిడ్డ పేరు కూడా అడిగేది.

ఇదంతా విని షారోన్ కళ్లు పెద్దవి చేసింది. "ఎంత టెన్షనండీ బాబూ! ఆమె స్థానంలో నేనుంటే మానేసేదాన్నత్తయ్యా," అంది. ఆమె ఉద్యోగానికి ఈ ఇంట్లో ఎవరూ షరతు పెట్టలేదు. అలాంటి షరతు ఒకటి ఉండవచ్చునన్న ఊహ కూడా ఆమెకు లేదు. అది చిన్న లాభం కాదు. మా కాలంలో ఒక కోడి ఇంటినిండా మనుషులకు సరిపోయేది, ఇప్పుడు ముగ్గురికి ఒక కిలో. అప్పుడు భోజనానికి ముందు పాట ఉండేది, ఇప్పుడు టీవీ ఉంది. గానుగలు తగ్గిపోయాయి, చెరకు ఫ్యాక్టరీకి పోతోంది, పిప్పి వాసన నాకు కలలోనే వస్తుంది. వీటన్నిటినీ తూకం వేసినా, అమ్మ తల వంచుకుని సరే అన్న ఆ గొంతు ఇంకొక ఆడపిల్లకు అవసరం లేకపోవడం వైపే త్రాసు మొగ్గుతుంది. మొగ్గుతుంది కానీ, పూర్తిగా కిందికి దిగదు. ఉద్యోగం నుంచి వచ్చి ఊపిరి తీసుకోకుండా వంటగదిలోకి నడిచినది అప్పుడు మా అమ్మ అయితే, ఇప్పుడు మా కోడలు. ఈ సంగతి ఫహీతా చివరి ముక్క నములుతుండగా నాకు తట్టింది. తట్టగానే ఒక నిర్ణయానికి వచ్చాను. నిర్ణయాలు వాయిదా వేయడం నాకు అలవాటు లేదు.

మరుసటి మంగళవారం మధ్యాహ్నానికే సరుకులన్నీ బల్ల మీద పెట్టాను. జెస్సీ బడి నుంచి వచ్చి స్టూలెక్కింది. పెనం కాగుతుండగా నేను ఉల్లిపాయలు విడిగా వేయించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "నాన్నమ్మా, ఏటి చేస్తన్నావు? అన్నీ ఒక్కపాలే!" నా జన్మలో నేను అన్నీ ఒక్కసారి చేసిన పని లేదు. కళ్లు మూసుకుని గుమ్మరించాను. పెనం బుస్సుమంది. నాకు కలిగింది సంతోషమేనని చెప్పడానికి ఏ మొహమాటమూ లేదు. రొట్టెలు కాల్చి, మెత్తగా ఉండాలని గుడ్డలో చుట్టి పెట్టాను.

బస్సు వచ్చిన చప్పుడు అయింది. షారోన్ గుమ్మంలోనే ఆగి గాలి పీల్చింది.

"ఏటత్తయ్యా ఈ వాసన? ఎవరు వండేరు?"

"కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చో," అన్నాను. "వేడిగా ఉన్నప్పుడే తినాలి."

ఆమె సంచీ దించి కూర్చుంది. మొదటి రొట్టె నేనే చుట్టి ఆమె చేతిలో పెట్టాను.